అద్దె చెయ్యి

2074 నాటికి విశాఖపట్నంలో ఎవరూ పని నేర్చుకోవడం లేదు, చేతికి తొడుక్కుంటున్నారు. పెళ్ళిళ్ళలో పులిహోర కలిపే వంటమనిషి దగ్గర్నుంచి పళ్ళు పీకే డాక్టరు దాకా అందరి చేతికీ ఓ పల్చటి గ్లవ్. దాని పేరు హస్తస్మృతి. నిపుణుడు పని చేస్తున్నప్పుడు అతని నరాల్లో పరుగెత్తే విద్యుత్ సంకేతాలను అది పట్టి దాచుకుంటుంది. తర్వాత ఎవరు తొడుక్కున్నా వాళ్ళ కండరాలను అదే లయలో ఆడిస్తుంది. చెయ్యి మనదే, పనితనం మాత్రం అరువు.

నౌకాదళం కొంటున్న విదేశీ టోర్వెన్ కంపెనీ జలాంతర్గాములకూ ఇదే ఏర్పాటు. డిజైన్ వాళ్ళది, ఉక్కు మనది, సాంకేతికత బదిలీ కింద రెండు వందల గ్లవ్‌లు. అందులో ఉన్నది తమ దేశపు మహా వెల్డర్ చెయ్యి అని కంపెనీ చెప్పింది. మనవాళ్ళు ఆ పెట్టెలకు పూలదండలు వేసి మరీ దించుకున్నారు.

ఓడల యార్డులో అతుకుల తనిఖీ అధికారి కలమట దమయంతికి మొదటి రోజే అనుమానం వచ్చింది. గ్లవ్ తొడుక్కున్న ప్రతి వెల్డరూ పని మొదలెట్టే ముందు, వెల్డింగ్ రాడ్ పట్టే హోల్డర్‌ని పైకెత్తి రెండు కళ్ళకీ అద్దుకుంటున్నాడు. ఆ వెంటనే ఎడమ బొటనవేలితో రాడ్ కొన నలుపుతున్నాడు. ఏ దేశపు దొర చేస్తాడండీ ఈ పని? ఆమె ట్రైనీగా చేరిన రోజుల్లో అచ్చం అలా చేసేవాడు ఒక్కడే ఉండేవాడు. గొర్లె తవిటయ్య.

తవిటయ్య గాజువాకలో ఇంటి గేట్లు అతుకుతూ కనిపించాడు.

"పాతికేళ్ళ కింద ట్రైనింగని టోర్వెనోళ్ళు ఆళ్ళ దేశం తీసుకెల్లినారు కదమ్మా. సెయ్యి కాలకుండా అని ఓ తొడుగేసినారు. ఆర్నెల్లు ఏసుకున్నాను. తిరిగొచ్చినాక మనోళ్ళే నీకాడ ఇదేశీ సర్టిఫికెట్టు నేదు, యార్డుకి పనికిరావనీసినారు."

దమయంతికి ఛీ అనిపించింది. వాళ్ళ దొంగతనం కంటే మనవాళ్ళ గుడ్డితనం చూసి ఎక్కువ రోత పుట్టింది.

అయినా ఆ రోత దిగమింగుకుంది. ఎందుకంటే ఆయనతో పని పడింది. తొలి జలాంతర్గామి పొట్టను ముక్కుతో కలిపే ఆఖరి వలయపు అతుకు అప్పటికే మూడుసార్లు పగిలింది. గ్లవ్‌కు తెలిసింది చలిదేశపు పొడిగాలి. విశాఖ ఉక్కపోతకు ఉక్కు చెమర్చే తీరు వేరు. చూసి సర్దుకునేది బతికున్న చెయ్యే. గ్లవ్ చెప్పిన పాఠమే చెబుతుంది. మూడు వందల మీటర్ల లోతున ఆ అతుకు విచ్చుకుంటే లోపలున్న నలభై మందికి అరవడానికైనా వ్యవధి ఉండదు.

సందర్శకుడి పాసు మీద తవిటయ్యను లోపలికి తెచ్చింది. రెండు రోజుల్లో ఆయన అతుకు పూర్తిచేశాడు. ఎక్స్‌రేలో వెంట్రుకవాసి పగులు లేదు.

పడవను పరీక్షించి ఆమోదించే అంగీకార కమిటీ ముందు యార్డు కంప్యూటరు గొంతు విప్పింది. "అతుకు లయ హస్తస్మృతితో తొంభై ఏడు శాతం సరిపోయింది. చేసిన చేతికి లైసెన్సు లేదు. ఇది నకిలీ."

"నకిలీ కాదు, ఇదే అసలు. గ్లవ్‌లో ఉన్నది తవిటయ్య చెయ్యే సార్!" అంది దమయంతి.

"కావచ్చమ్మా," అన్నాడు చైర్మన్ వక్కలంక శశాంకరావు. "ఒప్పందం ప్రకారం ఆ పనితనం టోర్వెన్‌ది. ఆ అతుకు కోయించి, గ్లవ్‌తో మళ్ళీ వేయించండి."

సభ్యులందరూ తలలూపారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. వీళ్ళకు తమ ఇంటి కూరే పొరుగింటి గిన్నెలో వస్తే గాని రుచించదు.

"అలాగే సార్, రేపే కోయిస్తాను," అంది దమయంతి. "ఆనవాయితీ ప్రకారం తొలి మునకకు కమిటీ మొత్తం పడవలోనే ఉండాలి. మీ పేర్లు రాయించమంటారా?"

శశాంకరావు గ్లాసెడు నీళ్ళు తాగాడు. "ఆ పగిలిన వలయం ఎక్కడొస్తుందన్నారు?"

"సరిగ్గా మీరు కూర్చునే గది వెనకాలే సార్."



"సరే, దాన్ని అలాగే ఉండనీండి," అన్నాడాయన, ఎటో చూస్తూ. "రికార్డులో మాత్రం గ్లవ్‌తో వేసినట్టు రాయండి. ఆ పనితనం ఇంకెక్కడా వాడకూడదని ఆయనకు నోటీసిచ్చి పంపేయండి."

నలభై ప్రాణాల కోసం దమయంతి ఆ అబద్ధం కింద సంతకం పెట్టింది. బయటికొచ్చి కుళాయి కింద రెండుసార్లు చేతులు కడుక్కుంది. రోత పోలేదు.

గేటు దగ్గర ఆమె నోటీసు చదివి వినిపిస్తే తవిటయ్య నోరు తెరుచుకుని విన్నాడు.

"నా సెయ్యితో నాను పని సెయ్యకూడదంటారేటమ్మా? మరి ఇంటికాడ సగంలో ఉన్న గేటో?"

దమయంతి నోటీసు మడిచి ఆయన చేతిలో పెట్టింది.

తవిటయ్య సంచిలోంచి తన పాత హోల్డర్ తీశాడు. అలవాటుగా పైకెత్తాడు. కళ్ళదాకా రాకముందే చెయ్యి ఆగిపోయింది.

"ఇదీ ఆళ్ళదేనా తల్లీ?" అనడిగాడు.