ఎండిన రాగి గొట్టాలు

ఏప్రిల్ తొమ్మిది. ఆ పొద్దున ఏజెంట్ కొలబద్ద తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, చల్లారిపోయిన ఆమ్లెట్. అది గొంతు దిగకముందే చీఫ్ ఫోన్ చేశాడు.

"ఎయిర్‌పోర్ట్ స్టోర్‌కీపర్‌ని చంపేశారు. 'ఈ కూలర్లు మనవి కావు సార్' అని నిన్న సాయంత్రం నాకు చెప్పాడు. తెల్లారేసరికి మనిషి లేడు."

"ఏ కూలర్లు?"

"విమానాలకి దారి చూపించే కొత్త కంప్యూటర్‌లోవి. ప్రాసెసర్ నెత్తిన నిలబెడితే దాని వేడిని లాగేసే టవర్లు. నాలుగింటికి పాతది ఆపి, లోడంతా కొత్తదాని మీద వేస్తారు. ఆ టైముకి గాల్లో పద్నాలుగు విమానాలుంటాయి."

"ఆపించండి."

"రుజువు చూపించమంటున్నారు. సరుకు భేషుగ్గా ఉందని ఎక్స్‌పర్ట్ మేడమ్ సంతకం పెట్టింది. ఆవిడ మన మనిషే. నకిలీ సరుకు ముఠాలో చేరినట్టు నటిస్తోంది. వెళ్ళి కలువు."

ఈ ఉద్యోగంలోకి రాకముందు కొలబద్ద ఇలాంటి కూలర్ల ఫ్యాక్టరీలో పదేళ్ళు ఇన్‌స్పెక్టరు. ఆ పేరు అక్కడ అంటుకున్నదే.

మూడూ నలభైకి ఏసీ మెకానిక్ వేషంలో సర్వర్ రూమ్‌లో అడుగుపెట్టాడు. పట్టుచీరలో, ఎర్రటి లిప్‌స్టిక్‌తో మేడమ్ ఎదురొచ్చింది.

"లోపల ఉక్కగా ఉందా?" అన్నాడు కోడ్ ప్రకారం.

"ఉత్తరం గాలి వస్తోంది," అంది ఆమె, కోడ్ ప్రకారమే. ఒక స్పేర్ కూలర్ చేతిలో పెట్టింది. "చూసుకోండి. అడుగు పలక అద్దంలా లేదూ? బొట్టు దిద్దుకోవచ్చు."

నిజమే. రేకులన్నీ ఒకే ఎడం. నికెల్ పూత మీద గీత లేదు. అతను జేబులోంచి ఉక్కు స్కేలు తీసి పలక మీద నిలబెట్టాడు. ఎక్కడా సందులోంచి వెలుతురు రాలేదు.

"అసలువి చేసే మా ఫ్యాక్టరీలో ఈ పలకని నడిమధ్య వెంట్రుకవాసి ఎత్తుగా చేస్తాం మేడమ్, బిగించినప్పుడు చిప్ మీద గట్టిగా కూర్చోవాలని. తెలియనివాళ్ళకి అది లోపంలా కనిపిస్తుంది. నకలు కొట్టినవాడు పాపం, లోపం దిద్దిపెట్టాడు. ఇంత చూసి మీరు సంతకమెలా పెట్టారు?"

ఆమె నవ్వు ఆగిపోయింది. లిప్‌స్టిక్ గొట్టం అతని గుండెకి గురిపెట్టింది. అందులో ఒకే తూటా.

"ఆ స్టోర్‌కీపరూ ఇలాగే వాగాడు. నోరు మూసుకో, ముసలాడా. ఇంకో ఎనిమిది నిమిషాలు."

చేతిలో ఉన్నది కిలోకి పైన బరువు. విసిరాడు. రేకుల అంచులు ఆమె మణికట్టుని చీరేశాయి. తూటా సీలింగ్‌లోకి పోయింది. ఏసీ వైరుతో ఆమెని కుర్చీకి కట్టేశాడు.

చప్పుడు విని సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏంటయ్యా ఈ గోల? నాకు ఆర్డరుంది. నాలుగంటే నాలుగే!"

"మూడు నిమిషాలివ్వండి."

కొలబద్ద మూలనున్న టీ కెటిల్‌లోని వేడినీళ్ళు ట్రేలో పోశాడు. పాత కంప్యూటర్ తాలూకు స్పేర్ కూలర్‌నీ కొత్తదాన్నీ పక్కపక్కన నిలబెట్టాడు.

"పైన గొట్టాల కొసలు పట్టుకోండి."

"పాతది అప్పుడే వెచ్చబడింది."

"కొత్తది?"

సూపర్‌వైజర్ పట్టుకున్నాడు. వదలకుండా గడియారం చూశాడు. అతని మొహం పాలిపోయింది. "చల్లగా... రాయిలా ఉంది."

"ఈ రాగి గొట్టాల లోపల కాసిన్ని నీళ్ళుండాలి. అవి ఆవిరై వేడిని పైకి మోస్తాయి. వీటిని ఎండబెట్టి మూతేశారు. లోడ్ పడగానే ప్రాసెసర్ మాడి ఆగిపోతుంది."

మూడూ యాభైతొమ్మిది దాటి నలభై సెకన్లు. సూపర్‌వైజర్ స్విచ్ మీది ఆపరేటర్ చేతిని లాగిపారేశాడు.

ఏడు గంటలకి పద్నాలుగో విమానం దిగిందని కబురొచ్చాక, కొలబద్ద దూదీ మందూ పట్టుకుని ఆమె సెల్‌కి వెళ్ళాడు.

"జాలా?" అంది ఆమె.

"గాయం చీము పడుతుంది. ఒక మనిషిని చంపావు, దాని సంగతి రేపు కోర్టులో."

"తలుపు గట్టిగా వేసుకో. పారిపోతానేమో."

"దీని మడతబందులు మావాళ్ళు చేసినవే. ఊడిరావు. చూడ్డానికి బాగుండవు, అంతే," అని అతను చప్పుడు కాకుండా తలుపు మూశాడు.