చిపుకా తాత గుంట

పై దేశాలవాళ్లు డబ్బిచ్చి వేటాడే మా ఫారంలో నాలుగు నీళ్ల మడుగులున్నాయి. మూడింటి దగ్గర ఎవర్ని కూర్చోమన్నా కూర్చుంటారు. నాలుగోదాని పక్కన ఒక గుంట ఉంది చూశారూ... దాని పేరెత్తితే మా వంటామె గరిటె కింద పెట్టేసి బయటికెళ్లిపోతుంది.

గుంటంటే విలుకాళ్లు దాక్కునే చోటు. మనిషి లోతున తవ్వి, పైన గడ్డి కప్పేసి, మడుగు వైపు జానెడు సందు వదులుతాం. ముందు వేటగాడు విల్లు పట్టుకుని కూర్చుంటాడు. వెనక గైడు కూర్చుని, బాణం వేయాల్సిన జంతువు ఎన్ని అంగల దూరంలో ఉందో చెవిలో ఊదుతాడు. ఆ అంకె తప్ప రెండో మాట ఉండదు. వెనక్కి తిరగడం అసలే ఉండదు — కదిలితే జంతువు పరుగే పరుగు.

ఈ పద్ధతే కొంప ముంచింది. పదేళ్ల కింద మా పాత గైడు చిపుకా తాత ఆ గుంటలో కూర్చుని "పద్దెనిమిది" అన్నాడట. వేటగాడు బాణం వేశాడు, జంతువు పడింది. సంబరంగా వెనక్కి తిరిగి చూస్తే... తాత కూర్చున్నవాడు కూర్చున్నట్టే కొయ్యబారి ఉన్నాడు. ప్రాణం పోయి మూడు నాలుగు గంటలైందని చూసినవాళ్లు తేల్చారు.

మరి పద్దెనిమిది అన్నదెవరు?

అప్పట్నుంచీ ఆ గుంట మొహం ఎవరూ చూడలేదు. మనుషులు పోని చోటికి జంతువులు పోతాయి కదా, పెద్ద పెద్ద కుడూ పోతులన్నీ — మెలికల కొమ్ముల జింకలవి — అక్కడే నీళ్లు తాగడం మొదలుపెట్టాయి. మా ఫారం యజమాని డీటర్ దొరకు కడుపు మండిపోయింది. దెయ్యం లేదు, గియ్యం లేదు, అందులో కూర్చోవాల్సిందే అన్నాడు. కూర్చోబెట్టింది ఎవర్ని? కవెజేరిని.

కవెజేరి నా గదిలోనే ఉంటాడు. నేను తోళ్లు ఒలిచేవాణ్ణి, వాడు కొత్త గైడు. దొర కాగితం మీద సంతకం పెడితేనే పూర్తి గైడు అవుతాడు. ఆరేళ్లు కంచె తీగలు లాగి లాగి చేతులు కాయలు కాచాయి పాపం. ఆ గుంటలోకి వాడు తీసుకెళ్లిన ఇద్దరు వేటగాళ్లూ గురి తప్పారు.

"మూడోది కూడా తప్పిందంటే సంతకం మాట మర్చిపో. పట్టకారు తీసుకుని కంచెకి పోవడమే," అన్నాడు దొర.

మూడో మనిషి ఆర్లీన్. కెనడాలో బడి బస్సు నడిపే అరవై ఏళ్ల ఆవిడ. పిల్లల అల్లరి ముప్పై ఏళ్లు భరించిన మనిషి, చెట్టు కూలినా ఉలిక్కిపడదు. ఇక జరిగింది కవెజేరి నాకు చెప్పినట్టే చెబుతున్నాను.

పొద్దు వాలింది. గిన్నీకోళ్లు వచ్చి తాగి పోయాయి. అడవిపంది పిల్లల్ని వెంటేసుకొచ్చి, బురదలో దొర్లి పోయింది. ఆ తర్వాత... చప్పుడు లేదు. ముళ్ల పొదల్లోంచి ముందు కొమ్ములు బయటికొచ్చాయి, మెలికలు తిరిగి, నిలువెత్తున. వాటి వెనక తీరిగ్గా కుడూ పోతు.

కవెజేరి దూరం కొలిచే మిషను కంటికి పెట్టుకున్నాడు. "ఇరవై ఆరు," అని ఊదాడు.

"ఇరవై మూడు," అంది వాడి వెనక నుంచి ఒక గొంతు.

వాడి వెనక మట్టిగోడ తప్ప ఏమీ లేదు.

"ఇరవై ఆరు..."

"ఇరవై మూడురా. నేను అంగలేసి కొలిచాను. నువ్వు బొత్తాం నొక్కావు."

ఆర్లీన్ విల్లు దించింది. తల తిప్పకుండానే గుసగుసలాడింది. "మీరిద్దరూ ముందు ఒక మాట మీదికి రండి. నా చెయ్యి లాగేస్తోంది."

మీరిద్దరూ...

ముందటి ఇద్దరూ ఎందుకు తప్పారో అప్పుడు వెలిగింది కవెజేరికి — రెండంకెలు విని, పోనీలే అని మధ్య దూరానికి వేశారు! లేచి పారిపోదామంటే కంచె పని కళ్లముందు కనబడింది. అందుకని కూర్చున్నచోటే చేతులు జోడించాడు.

"తాతా, నీ కాళ్లు పట్టుకుంటా."

"కాళ్లెక్కడున్నాయిరా నాకింకా?"

"ఈ ఒక్కటీ పడగొట్టించు తాతా. నువ్వు మాత్రం ఈ గుంటలో ఒక్కడివే ఎందుకు? నాతో మా గదికి వచ్చెయ్. ఇక జన్మంతా నువ్వే చెప్పు, నేను నోరెత్తను."

కుడూ తల వంచి తాగుతోంది.

"ఆ మిషను లోపల పెట్టు," అంది గొంతు. తర్వాత ఆర్లీన్‌కి మెల్లగా, "ఇరవై మూడు."

బాణం దూసుకుపోయింది. కుడూ పది గంతులేసి కూలబడింది.

దొర బండి బానెట్ మీదే కాగితం పెట్టి సంతకం గీకాడు. ఆర్లీన్ మంట దగ్గర కాలేయం నములుతూ, "ఆ పెద్దాయన భోజనానికి రాలేదేం?" అని అడిగింది. వంటామె గరిటె కింద పెట్టేసింది.

ఆ రాత్రి కవెజేరి కాగితం తలగడ కింద దాచుకుని, మంచం మీద కూర్చుని ఇదంతా నాకు చెప్పాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను.

"ఇంతకీ మీ తాత వచ్చాడా?"

"రమ్మన్నాను అన్నా. వచ్చాడో లేదో నాకేం తెలుసు?"

"నేలమీద పడుకోమను. నా మంచం ఇవ్వను," అని దీపం ఆర్పేశాను.

వాడు పడుకున్న నిమిషానికే గురక మొదలుపెట్టాడు. సంతకం తెచ్చిన నిద్ర కదా. నాకూ కళ్లు మూతలు పడుతున్నాయి... అప్పుడు వాడి మంచం దగ్గర్నుంచి వినపడింది, చెవిలో ఊదినట్టు.

"రెండు."

"కవెజేరీ, ఊరుకోరా," అన్నాను.

గురక ఆగలేదు.

నేను కదల్లేదు. లెక్క మాత్రం వేసుకున్నాను — వాడి మంచం నుంచి నా మంచానికి సరిగ్గా రెండంగలు.