పిప్పి బ్యాండుకు నాలుగో జత చేతులు

పొద్దున ఎనిమిది కావస్తోంది. బోధన్‌లో ఆ గల్లీ ఆడవాళ్లంతా అప్పటికే చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వసంతమ్మ కూడా కూర్చుంది గానీ, ఇరవై ఏళ్లుగా కళ్లు మూసుకుని చుట్టే చేతులకు ఆ రోజు ఒక్క బీడీ కుదరడం లేదు. ఆకు చిట్లుతోంది, తంబాకు ఒలికిపోతోంది. జ్వరం వచ్చిందా ఏమని పక్కింటి పెంటవ్వ అడిగితే, నిద్ర లేదని తప్పించుకుంది. అది నిజమే. పది రోజులుగా ఆమెకు నిద్ర లేదు.

వెనక అర్రలో కూతురు గంగామణి డ్రమ్ములు వాయిస్తోంది. సాయంత్రం నిజామాబాద్‌లో ప్రోగ్రాం. అన్న నర్సింలు పాడతాడు, చెల్లె డ్రమ్ములు కొడుతుంది. వేరే తల్లి అయితే గల్లీ అంతా చెప్పుకుని మురిసిపోయేది. వసంతమ్మ మాత్రం ఒక్కో దెబ్బకూ ఒక్కో ఆకు పాడుచేస్తోంది.

ఈ బ్యాండు సంగతి కాస్త చెప్పాలి. ఎనిమిదేళ్ల కింద, తొంభై అయిదులో, నర్సింలుకు ఎవరో ఒక ఇంగ్లీషు క్యాసెట్ ఇచ్చారు. అందులో పాడేవాడు పాడడు, అరుస్తాడు. పంక్ రాక్ అంటారట. అది విన్ననాటి నుంచి వాడికి అదే లోకమైంది. ముగ్గురు దోస్తులను పోగేసి, రెండు పాత గిటార్లు, పెళ్లి బ్యాండు వాళ్లు అమ్ముకున్న డ్రమ్ములు తెచ్చి ‘పిప్పి’ అని పేరు పెట్టాడు. రసమంతా పిండుకుని బయట పారేసే చెరుకు పిప్పి లాంటి వాళ్లం మేమని వాడి ఉద్దేశం. వినాయక మండపంలో మొదటి పాట సగం కాకముందే పెద్దమనుషులు కరెంటు తీసేశారు. రెంజల్‌లో చెప్పులు పడ్డాయి. క్యాసెట్ వేస్తే నలభై అమ్ముడుపోయాయి, అందులో పది చుట్టాలే కొన్నారు. ఒకడు పెళ్లయి మానేశాడు, ఒకడు ఉద్యోగం దొరికి హైదరాబాద్ పోయాడు. వచ్చేవాళ్లు వచ్చారు, పోయేవాళ్లు పోయారు. మొదటి నుంచీ మిగిలింది నర్సింలు ఒక్కడే.

గిటార్లు పట్టినవాళ్లు ఎక్కడున్నా పిల్లాపాపలతో సుఖంగానే ఉన్నారు. వసంతమ్మ భయమంతా డ్రమ్ముల దగ్గర. మొదట వాయించిన రాజేశ్వర్ దుబాయ్ పోయి, మిషన్‌లో రెండు వేళ్లు పోగొట్టుకుని వచ్చాడు. ఆ తర్వాత కూర్చున్న తుకారాం బండి మీద నుంచి పడితే మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. మూడోవాడు చిన్నయ్య. పది రోజుల కింద వేల్పూర్‌లో పసుపు ఉడకబెట్టే పనికి పోతే కడాయి ఒరిగి రెండు చేతులూ కాలాయి. చిన్నయ్య కట్లతోనే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఆ సాయంత్రమే గంగామణి, నేను వాయిస్త అంది. చిన్నప్పటి నుంచి ఆ ముగ్గురినీ చూసి నేర్చుకున్న పిల్ల. పాటలన్నీ దానికి కంఠతా వచ్చు.

ముగ్గురివీ చేతులే. ఎందుకో వసంతమ్మకు తెలుసు. ఆమెకు ఒక్కదానికే తెలుసు.

డ్రమ్ములు ఇంటికి వచ్చిన రోజు ఆమె భర్త లింగం కామెర్లతో మంచం మీద ఉన్నాడు. చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ పని చేసిన మనిషి, పుల్లలా అయిపోయాడు. రాత్రంతా మూలిగి మూలిగి తెల్లారాక కాస్త కన్ను మూశాడు. అప్పుడే వెనక అర్రలో రాజేశ్వర్ దబదబా బాదాడు. లింగం ఉలిక్కిపడి లేచాడు. వసంతమ్మ చేతిలోని కత్తెరతోనే పరుగెత్తి, ఈ డ్రమ్ము కొట్టినోని చేతులు పడిపోను అని నోటికొచ్చినట్టు తిట్టింది. తొమ్మిదో రోజు లింగం పోయాడు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, చెడ్డ గడియలో నోరు జారితే అంతే సంగతులని చిన్నప్పుడు ఆమె తల్లి చెప్పేది. వసంతమ్మ ఆ మాటను ఎనిమిదేళ్లు కడుపులో దాచుకుంది. గుడులకు తిరిగింది, ముడుపులు కట్టింది. ఇప్పుడు కన్నబిడ్డే పోయి ఆ డ్రమ్ముల పీట మీద కూర్చుంది.

చప్పుడు ఆగింది. గంగామణి స్నానానికి పోయింది. వసంతమ్మ లేచింది. ఆకు కత్తిరించే కత్తెర చేతిలోనే ఉంది. వెనక అర్రలోకి పోయి, పెద్ద డ్రమ్ము తోలు మీద మొన పెట్టి బలమంతా కూడదీసుకుని నొక్కింది. తోలు పర్రున చినిగింది. రెండోదానికి చేయి లేపేసరికి గుమ్మంలో తడి జుట్టుతో గంగామణి, దాని వెనక నర్సింలు.

నర్సింలుకు కోపం నషాళానికి ఎక్కింది. ఎనిమిదేళ్లకు ఒక్క మంచి ప్రోగ్రాం దొరికితే కన్నతల్లే కాళ్లల్లో కట్టె పెట్టిందని, ఇంకా నాలుగు మాటలు అన్నాడు. గంగామణి అన్నను పక్కకు జరిపి, తల్లి చేతిలోని కత్తెర మెల్లగా తీసుకుంది.

"ఏమైందే అవ్వా? ఆడపిల్ల స్టేజి ఎక్కుతుందని సిగ్గయితుందా?"

"సిగ్గు గాదు బిడ్డా. భయం." వసంతమ్మ చినిగిన తోలు వైపు చూసింది. "గా ముగ్గురి చేతులు పోగొట్టింది నేనే."

చెప్పింది. కామెర్లు, కత్తెర, తిట్టు, తొమ్మిదో రోజు, అన్నీ. చెబుతూ కూతురి రెండు చేతులూ పట్టుకుంది, విడిస్తే ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు. నర్సింలు కోపం ఎక్కడిదక్కడే చల్లబడింది. మిషన్లు, బండ్లు, కడాయిలు చేసిన పనికి నీ మాటేం చేస్తుందని ఏదో సర్దిచెప్పబోయాడు. అవేవీ వసంతమ్మ చెవికెక్కలేదు.

గంగామణి నెమ్మదిగా అడిగింది.

"అవ్వా, గప్పుడు బాపుకు గంజి తాగిపిచ్చుకుంట దినాం ఏమనేదానివి?"

"ఏమన్ననో. యాదికి లేదు."

"నాకు యాదికుంది. పక్కనే కూసునేదాన్ని. ఏం గాదు, నూరేండ్లు బతుకుతవ్ అనేదానివి. గదే నోరు గదా. తిట్టు తాకిందంటవ్, మరి దీవెనెందుకు తాకలే?"

వసంతమ్మకు ఆ మాట ఓదార్పో, ఇంకో దెబ్బో తెలియలేదు. తిట్టుకు బలం లేదంటే, దీవెనకూ లేదు. మరి పిల్లలను కాపాడేది ఏది? ఆ ప్రశ్నతో కొత్త భయం పుట్టింది గానీ, పాత బరువు ఒక్కసారిగా జారిపోయింది. భర్త పోయిన నాడు కూడా ఆ తిట్టు గుర్తొచ్చి తప్పు చేసినదానిలా బిక్కచచ్చి కూర్చుంది తప్ప కడుపారా ఏడవలేదు. చినిగిన డ్రమ్ము మీద తల ఆనించి ఇప్పుడు ఏడ్చింది. పిల్లలిద్దరూ చెరోపక్క కూర్చున్నారు.

ఊళ్లోని పెళ్లి బ్యాండు వాళ్లను బతిమాలి నర్సింలు వేరే డ్రమ్ము తెచ్చాడు. వసంతమ్మ కూడా పిల్లల వెంట నిజామాబాద్ బస్సెక్కింది. ఇంట్లో ఒక్కతే ఉంటే పిచ్చెక్కేలా ఉందామెకు.

హాలులో మొదటి వరుసలో కూర్చుంది. పక్కన రాజేశ్వర్, తుకారాం, చిన్నయ్య ముగ్గురూ ఉన్నారు. దీపాలు వెలిగాయి. గంగామణి చేతులు పైకి లేవగానే వసంతమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. గోడలు అదిరాయి. నర్సింలు గొంతు చించుకుని అరుస్తున్నాడు. కాసేపటికి ఆమె కుర్చీ కూడా అదురుతోందని తెలిసి కళ్లు తెరిచింది. పక్కన రాజేశ్వర్ ఉన్న మూడు వేళ్లతో కుర్చీ చేతి మీద వాయిస్తున్నాడు. తుకారాం వంకర మణికట్టుతో తొడ మీద కొడుతున్నాడు. చిన్నయ్య చేతులకు కట్లు, వాడు రెండు మడమలతో నేల మీద బాదుతున్నాడు. ముగ్గురికీ ఒకే దెబ్బ, స్టేజి మీద గంగామణికీ అదే దెబ్బ.

"మాఫ్ చెయ్యుండ్రి బిడ్డా" అంది వసంతమ్మ.

"ఏందవ్వా?" అన్నాడు చిన్నయ్య, వినబడక.

"ఏం లేదు. కొట్టు."

ప్రోగ్రాం అయ్యాక గంగామణి చెమటలు కారుతూ వచ్చి అరచేతులు చూపించింది. బొబ్బలు లేచి రెండు చోట్ల చిట్లాయి. ఈ భయం ఇక ఎక్కడికీ పోదని, తల్లిగా బతికినన్నాళ్లు ఉంటుందని వసంతమ్మకు అర్థమైంది. పది వేళ్లనూ ఒక్కొక్కటే తడిమి చూసింది. నోటి మాటకు బలం లేదని పొద్దున్నే తెలిసిన మనిషి, అయినా ఆ చేతులను కళ్లకు అద్దుకుని అంది.

"నీ చేతులు సల్లగుండ బిడ్డా."