తుమ్ముకు సంకెళ్లు

హాఛ్!

పొగమంచులో ముందుగా వినిపించింది ఆ తుమ్మే. ఆ తర్వాతే గుర్రాలు కనిపించాయి, ఈటెలు కనిపించాయి, యుద్ధానికి కదలబోతున్న పొగడదుర్గం సైన్యం కనిపించింది. తుమ్మినవాడు ముందు వరుసలో నగారా మోసే బంటు.

పయనానికి ముందు తుమ్మితే ఆగాలన్నది ఆ రాజ్యపు ఆచారం. రాజు కంపరాయుడు గుర్రం దిగాడు. సైన్యమంతా వెనుదిరిగి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుంది. అలా కూర్చున్న వేళలోనే శత్రువు కనుమ దాటి వచ్చాడు.

సగం రాజ్యం పోయింది. కూర్చోబెట్టిన ఆచారాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. నగారా బంటు తల తీయించారు. "వాడి పేరెత్తితే నాలుక కోయిస్తాను!" అన్నాడు రాజు. అంతటితో కోపం చల్లారక, ధూమజటి అనే మాంత్రికుణ్ణి పిలిపించి, రాజ్యంలో తుమ్మునూ దగ్గునూ బంధింపజేశాడు.

నాటినుంచి గొంతులో మెతుకు అడ్డుపడ్డవారు చప్పుడైనా లేకుండా నీలబడి ప్రాణం విడిచేవారు. బంటు భార్య చెన్నమ్మ వడ్లు చెరుగుతూ ఊక పీల్చి మంచాన పడింది. రొమ్ము గరగరలాడుతోంది, దగ్గు రాదు.

"అమ్మా, ఓర్చుకో. దగ్గును విడిపించి తెస్తాను" అంది కూతురు ఎర్రక్క.

"అదేమన్నా సంతలో సరుకటే, పిచ్చిదానా!" తల్లి నవ్వబోయి, నవ్వలేకపోయింది.

ముళ్ల అడవిలో ఒక ముని ఎర్రక్కకు దారి చూపాడు. "ప్రతి తలలోనూ మెదడు అడుగున, మెడతో కలిసేచోట, ఒక కావలివాడుంటాడమ్మా. వారందరికీ పెద్ద అయినవాడు కపాలగుహలో బందీగా ఉన్నాడు."

పుర్రెలాంటి కొండ కింద, ఇరుకు సందులో, ఆ ముసలి కావలివాడు సంకెళ్లతో కనిపించాడు.

"ముక్కునుంచీ గొంతునుంచీ నరాల తీగల మీద నాకు కబురొస్తుంది బిడ్డా. ఊపిరి నిండా పీల్పిస్తాను. గొంతు తలుపు మూసి, రొమ్మునూ పొట్టనూ బిగిస్తాను. తటాలున తలుపు తీస్తే చెత్త ఎగిరిపోతుంది. ఎవరినీ అడగను, అడిగేలోగా ప్రాణం పోతుంది. ఇప్పుడు రాజాజ్ఞ లేనిదే కదలరాదని కట్టేశారు."

"అయితే మా నాయన కావాలని తుమ్మలేదా, తాతా?"

"కావాలని ఎవరు తుమ్ముతారే? మంచు ముక్కును తాకింది. నేను నా పని చేశాను. తల మాత్రం ఆయనది పోయింది."

చీకట్లోంచి ధూమజటి వికటంగా నవ్వాడు. "సంకెల తీయాలా పిల్లా? నీ గొంతు ఇచ్చి తీసుకో!"

ఎర్రక్క ఒక్కసారి "నాయనా!" అని పిలుచుకుంది. అదే ఆమె చివరి మాట; ఆపై గొంతు మూగబోయింది. సంకెల తెగింది.

ఇంట్లో చెన్నమ్మ దగ్గింది. ఊక ఎగిరి పడింది, ఊపిరి ఆడింది. కోటలో భోజనాల వేళ రాజుకు ముద్ద అడ్డుపడింది. ఆయనా దగ్గి బతికాడు. బతికాక, దగ్గును విడిపించినది ఎవరో విచారించి తెలుసుకుని, తల్లీకూతుళ్లను కొలువుకు పిలిపించాడు.

"సగం రాజ్యమిస్తాను. నా కుమారుణ్ణి వరించు."

ఎర్రక్క తల అడ్డంగా ఊపింది. కోట గుమ్మం దగ్గర తోలు చిరిగి పడివున్న తండ్రి నగారాను మోసుకొచ్చి రాజు ముందుంచింది. ఆయన నోటివైపు వేలు చూపింది.

"పేరు చెప్పమంటోంది దొరా. తమరి నోటితోనే" అంది చెన్నమ్మ.

రాజు నోరు తెరిచాడు. మంత్రివైపు చూశాడు, మంత్రి నేలవైపు చూశాడు. తాను నిషేధించిన పేరేమిటో రాజు ఏనాడూ అడగనేలేదు.

చెన్నమ్మ ఖంగున దగ్గి, గొంతు సవరించుకుంది.

"ఓబన్న!"