మరియ ఎవరి పిట్ట

చింతపల్లిలో ఆ పొద్దు మంచు ఇంకా విడలేదు. దేవమణి కాఫీ గ్లాసుతో వసారాలోకి వచ్చేసరికి కోడలు జీవిత పంజరం ముందు కూర్చుని ఉంది. మరియ అనే పచ్చటి లవ్ బర్డ్ ఆ పిల్ల వేలి మీద నిలబడి కొర్రలు ఒలుచుకు తింటోంది. దేవమణికి కాఫీ సహించలేదు.

మరియను పెంచింది ఆవిడ. జత పిట్ట మార్త చచ్చిపోయినప్పుడు పంజరం ముందు కూర్చుని ఏడ్చిందీ ఆవిడే. ఇంత చాకిరీ చేసినా అది ఒక్కనాడూ ఆవిడ చేతి మీద వాలలేదు. నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన పిల్లకు మాత్రం పిలవకుండానే వాలుతోంది. జీపు నడిపే కొడుకు టైటస్‌ను పంచుకుంది సరే, పిట్టను కూడానా అని ఆవిడకు కడుపు మండిపోయేది.

"ఏటే గుంటా, పొద్దున్నే దాంతో ఆటలు? వంట సెయ్యక్కర్లేదేటి?"

"అన్నం వండేశానత్తా. దీనికి ఆకలేస్తందని..."

"దాని ఆకలి నాకు తెల్దేటి? ఇలా ఇయ్యి."

దేవమణి చేయి చాపింది. మరియ ఆ వేలు చూసి జీవిత భుజం మీదికి ఎగిరింది. జీవిత నవ్వు ఆపుకుంది. ఆ ఆపుకోవడం చూసి దేవమణికి ఇంకా ఒళ్ళు మండింది.

టైటస్ కిరాయికి వెళ్ళి ఇంట్లో లేడు. సాయంత్రం చలి వంక పెట్టి ఆవిడ పంజరాన్ని తన గదిలోకి మార్చేసింది. గడియ వేసి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, బొగ్గుల కుంపటి పంజరం పక్కనే పెట్టింది. చలికి వణికేది పసిబిడ్డయినా ముసలివాళ్ళయినా ఆ ఊళ్ళో చేసేది అదే. తనను వెచ్చగా చూసుకున్నదెవరో మరియకు తెలిసిరావాలని ఆవిడ ఆశ.

తెల్లారి లేచేసరికి ఆవిడకే తల దిమ్ముగా ఉంది. మరియ పంజరం అడుగున ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది. నోరు తెరిచి, తోక ఊగేలా ఊపిరి తీస్తోంది. దేవమణి గడియ తీసి పెట్టిన కేక విని జీవిత పరుగెత్తుకొచ్చింది.

"నువ్వే ఏదో పెట్టుంటావు. ఆ కొర్రలకి బూజు పట్టిందో ఏటో. నీ సెయ్యి పడింది, నా పిట్ట పోతంది."

జీవిత ముఖం పాలిపోయింది. వెంటనే పంజరాన్ని వసారాలో గాలికి పెట్టి, పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేసింది. స్పీకర్లో డాక్టరమ్మ మాట ఇద్దరికీ వినిపించింది.

"గదిలో కుంపటి గానీ పెట్టారా? బొగ్గు పొగకి పిట్టలు తట్టుకోలేవమ్మా. తలుపులు మూస్తే మనుషులకే ప్రమాదం."

దేవమణి చూపు తన గది తలుపు వైపు తిరిగింది. జీవిత ఒక్కసారి అత్త ముఖంలోకి చూసింది.

"పెట్టామండీ. నేనే పెట్టాను, తెలీక."

నోట్లో నీళ్ళు పోయొద్దనీ, అట్టపెట్టెలో బల్బు వెచ్చదనం తగిలేలా ఉంచి, ఆసుపత్రి తెరవగానే తీసుకురమ్మనీ డాక్టరమ్మ చెప్పింది. జీవిత అట్టపెట్టె తీస్తుంటే దేవమణి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నా తప్పు నీ నెత్తినెందుకేసుకున్నావే?"

"బయటోళ్ళ చేత మిమ్మల్ని ఓ మాట అనిపిస్తానా అత్తా?"

"కుళ్ళే నాకు. నీ మీద వాల్తందని ఓర్సుకోలేకపోయాను. నువ్వు లోపలికి రాకూడదనే గడియేశాను."

జీవిత పెట్టె ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూలబడింది.

"నాదీ కుళ్ళే అత్తా. ఆయన జీపు దిగ్గానే అమ్మేదీ అంటారు. కూర బాగుంటే అమ్మ చేసిందా అంటారు. నేనేదని ఒక్కనాడు అడగలేదు. ఈ ఇంట్లో ఒక్క ప్రాణమైనా నాదవ్వాలని, మీరు చూడకుండా పొద్దుతిరుగుడు గింజలు పెట్టి దాన్ని మచ్చిక చేసుకున్నాను."

దేవమణి ఆమె పక్కనే చతికిలబడింది. కోడలి తలను గుండెకు హత్తుకుంది. ఇద్దరూ తనివితీరా ఏడ్చి, పిట్టను పెట్టెలో బల్బు వెచ్చన ఉంచి, ఆసుపత్రి తెరిచే వేళకు తీసుకుని బయల్దేరారు.

డాక్టరమ్మ మందు పనిచేసింది. మర్నాడు సాయంత్రానికి మరియ లేచి రెండు గింజలు కొరికింది. అత్తాకోడళ్ళు పెట్టె మీదికి వంగి మురిసిపోతుండగా టైటస్ జీపు వచ్చి ఆగింది.

"అమ్మేదీ?" అన్నాడు గుమ్మంలోనే.

"అమ్మెక్కడికి పోద్ది, ఇక్కడే ఉంది. నీ పెళ్ళామేదని అడుగు. అడిగితేనే అన్నం" అంది దేవమణి, పెట్టె మీంచి తల ఎత్తకుండా.

టైటస్ తెల్లబోయాడు. జీవిత అతని కళ్ళెదురుగానే ఉంది. అయినా తల్లికి జడిసి, "జీవితేదీ?" అని అడిగాడు.

"ఇక్కడే ఉన్నానండీ" అంది జీవిత, కళ్ళు తుడుచుకుంటూ.