మైనా ముహూర్తం

నాందేడ్ శివాజీనగర్‌లోని ఆ చిన్న జంతువుల దవాఖానలో తృప్తి మొదటి మాటే పేచీతో మొదలుపెట్టింది.

"ముందుగాల ఒక్క మాట, డాక్టర్ సాబ్. దీన్ని గొడ్డుది అనొద్దు. అట్లయితేనే చూపిస్త."

"నేనింక నోరే తెరువలేదు కదా," అని నవ్వాడు నితీశ్.

"తెరువక ముందే చెప్తున్న."

బయట వాన దంచికొడుతోంది. బి.ఎడ్. చదివే ఆ పిల్ల జడ కొసనుంచి నీళ్లు కారి బల్లమీద చిన్న మడుగు కట్టాయి. ఆమె పక్కన మైనా నిలబడి ఉంది. సన్నటి నడుము, పొడుగు కాళ్లు, కర్వానీ జాతి వేటకుక్క. వెనక నాయనమ్మ వెంకవ్వ చీర కొంగు పిండుకుంటూ, దవాఖాన గోడలను అనుమానంగా చూస్తోంది.

సంగతేమిటో తృప్తి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నాందేడ్ జిల్లాలోనే హిమాయత్‌నగర్ దగ్గరి పల్లె వాళ్లది. ఈ జాతిని ఏళ్ల తరబడి పెంచింది ఆమె తండ్రి, భోజన్న బాపు. పోయిన వానకాలం ఆయన పోయాడు. ఆయన చేతి కుక్కల్లో ఇప్పుడు మిగిలింది మైనా ఒక్కతే. రెండుసార్లు భోకర్‌లో మగకుక్క దగ్గరికి తీసుకెళ్లినా కడుపు నిలవలేదు. మూడోసారి కూడా కాకపోతే, బాపు తమ్ముడు సంగప్ప కాక దాన్ని ఉమ్రిలో ఉండే దోస్తుకు చేను కాపలాకు ఇచ్చేస్తానన్నాడు.

"అప్పుడు బాపు పెంచిన జాతి ఇంక ఉండదు," అంటూ మైనా మెడ నిమిరింది.

నితీశ్ నవ్వడం మానేశాడు. మైనా నెత్తురు తీశాడు, గర్భసంచి స్కాన్ చేశాడు. కడుపు నిలవనీయని బ్రుసెల్లా రోగం ఉందేమోనని పరీక్షకు పంపాడు. రిపోర్టులు వచ్చిన రోజు అవ్వా మనుమరాలూ మళ్లీ వచ్చారు.

"అన్ని మంచిగున్నయ్. మగకుక్క దగ్గరికి ఎప్పుడు తోల్కపోతరు?"

తృప్తి తల దించుకుంది. జవాబు వెంకవ్వ ఇచ్చింది.

"ఎప్పుడేంది? మైల తీరినంక. ముట్టుల ఉన్నన్ని దినాలు మేకల కొట్టంల కట్టేస్తం. నెత్తురు బొత్తిగ ఆగినంక పసుపు నీళ్లు పోసి, బొట్టు పెట్టి తోల్కపోతం. మాది పద్ధతి గల్ల ఇల్లు, బిడ్డా."

నితీశ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అయినా నవ్వు ఆగలేదు.

"అవ్వా, ముహూర్తం దాటి పందిరి పీకినంక మీరు పెండ్లిపిల్లను తోల్కపోతున్నరు!"

"ఏంది?"

"కుక్కల కథ మనుషుల లెక్క కాదు. నెత్తురు రంగు తగ్గి పలచబడ్డప్పుడే దానికి అదును. బొత్తిగ ఆగేటాలకు చానాసార్లు అదును దాటిపోతది."

"అంటే తప్పు మాదంటరా?" తృప్తి గొంతు లేచింది.

"అవును. రోగం మైనాకు లేదు. మీ ఇంటి పద్ధతికుంది."

తృప్తి మైనా గొలుసు పట్టుకుని, ఆ రోజూ కురుస్తున్న వానలోకి నడిచింది. నితీశ్ గొడుగు కూడా తీసుకోకుండా వెంట పరిగెత్తాడు.

"నంబర్ ఇచ్చి పోండ్రి! నెత్తురు అది నాక్కుంటది, మీకు తెలువది. తెల్ల బట్టమీద పండబెట్టుండ్రి. మొదటి చుక్క కనబడంగనే ఫోన్ చేయిండ్రి."

"కుక్క కోసమేనా నంబర్?"

"ఇప్పటికైతే కుక్క కోసమే."

అంత కోపంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. అది అతనికి కనపడకుండా మైనా చెవులు సవరించింది.

దీపావళి వెళ్లిన వారానికి, బాపు పాత ధోతిమీద ఎర్రటి చుక్క కనిపించింది. తృప్తి పరుగున ఫోను అందుకుంది.

"కనబడ్డది!"

"శాబాష్! రేపే తోల్కరండ్రి!"

ఇద్దరూ అరుస్తూనే మాట్లాడారు. ఆ తర్వాత రోజు విడిచి రోజు జీపులో నాందేడ్ ప్రయాణం. నితీశ్ దూది పుల్లతో మైనా దగ్గర తడి తీసి, గాజు పలకమీద రాసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో తృప్తినే చూడమనేవాడు.

"కణాలు ఎట్ల కనబడుతున్నయ్?"

"గుండ్రంగున్నయ్."

"ఇంక ఆగాలె. అంచులు విరిగిన అప్పడాల లెక్క కనబడితేనే అదును."

తర్వాతిసారి కళ్లు ఆనించగానే ఆమె కేక పెట్టింది. "అప్పడాలే! అన్ని అప్పడాలే!" తల ఎత్తేసరికి అతని గడ్డం ఆమె నుదుటికి తగిలింది. ఇద్దరూ సారీ చెప్పుకున్నారు. ఇద్దరి గొంతులోనూ సారీ లేదు.

నెత్తురు పరీక్ష కూడా అదే మాట చెప్పింది. రేపే భోకర్ పోవాలి.

కాని తెల్లారి వెంకవ్వ కొట్టం తలుపుకు అడ్డంగా కూర్చుంది.

"ఇంక మైల తీరలే. దేవుని దీపం పెట్టే ఇల్లు. నేను పోనియ్య."

"అవ్వా, ఇయ్యాల పోకుంటే ఇంకెప్పటికి పోం. బాపు పెంచిన జాతి నీ పసుపు నీళ్లల్ల కొట్కపోతది."

కొడుకు మాట ఎత్తగానే వెంకవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చివరికి మోకాళ్లమీద చేతులూని లేచింది.

"నిలబడు, పోరి. బొట్టన్న పెట్టనియ్యి."

భోకర్‌లో మగకుక్క యజమాని శంకర్రావు వాకిట్లో నితీశ్ అప్పటికే వచ్చి ఉన్నాడు. మైనా తోక పక్కకు వొంచి నిలబడింది. శంకర్రావు మగకుక్క ఆలస్యం చేయలేదు. నితీశ్, తృప్తి మాత్రం రోడ్డుమీద పోయే పత్తి బండ్లను ఎంతో శ్రద్ధగా చూశారు.

"ఈసారి పత్తి మంచిగచ్చింది," అన్నాడతను.

"అవునవును," అంది, చెవులదాకా ఎర్రబడి.

నెల తర్వాత స్కాన్‌కు ఇంటిల్లిపాదీ వచ్చారు. సంగప్ప చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. నితీశ్ మైనా పొట్టమీద జెల్ పూసి మిషన్ ఆనించాడు. తెరమీద అంతా నలుపు. అతను చెయ్యి జరిపాడు. తృప్తి తెర దగ్గరికి వంగింది.

నలుపులో ఏదో మిణుకుమంది.

"గుండె!" అన్నాడు నితీశ్. "అగో ఇంకోటి! అటు చూడుండ్రి, ఇంకోటి!"

తృప్తి రెండు చేతులతో నోరు మూసుకుంది. సంగప్ప ముందుకొచ్చి, తెరను చాలాసేపు చూశాడు. "ఉమ్రికి ఫోన్ చేసి వద్దని చెప్త," అన్నాడు నెమ్మదిగా. "మా అన్న ఉంటే ఊరంత చక్కెర పంచేటోడు."

నితీశ్ గొంతు తగ్గించాడు. "తృప్తీ, కాన్పు దాక ఇంక రానవసరం లేదు."

"సరే."

"నాకు అవసరముంది."

"ఏం గుసగుస అది?" అంది వెంకవ్వ. "చెప్పేదేందో గట్టిగ చెప్పు, డాక్టర్. నాకు చెవులు సరిగ వినబడయి."

నితీశ్ గట్టిగానే చెప్పాడు. బయట మేకను పట్టుకుని కూర్చున్న ముసలాయన కూడా లేచి తొంగి చూశాడు.

"మీ మనుమరాలంటే నాకిష్టం, అవ్వా! నాకిస్తరా?"

"నన్నడుగుతవేంది? ఆడ నిలబడ్డది కదా, దాన్నడుగు."

అందరూ తృప్తి వైపు తిరిగారు.

"ఇయ్యాల కాదు, వానల నంబర్ అడిగినప్పటిసంది చూస్తున్న," అంది తృప్తి. "ఇంతసేపా అడుగుడు? సరే."

"వినబడలే," అన్నాడు నితీశ్.

"సరే అన్న!"

వెంకవ్వ నవ్వు దవాఖానంతా మోగింది. సంగప్ప మాత్రం దగ్గి గొంతు సవరించుకున్నాడు.

"అల్లుడు సాబ్, ముందుగాల ఆ మిషన్ దాని పొట్ట మీదికెల్లి తీయిండ్రి. పిల్లల తల్లి, చలి పెడ్తది."