ఏడు పొరల రాకెట్ చెక్క

ఎనభై మూడో, నాలుగో గుర్తులేదు గానీ, అది తమిళుల ఆడి మాసమని మాత్రం బాగా గుర్తు. నా తమ్ముడు ఏకాంబరం తిరువళ్ళూరులో వడ్రంగి. వాడి కూతురు కోకిల, సుందరరాజ్ ఆటసామాన్ల అంగట్లో పనిచేసేది. దామోదరం ఆ అంగడి మెట్టెక్కిన మధ్యాహ్నం నేనూ అక్కడే ఉన్నాను, పిల్లకు క్యారియర్ తెచ్చి. అందుకే ఇందులో విన్నది తక్కువ, చూసింది ఎక్కువ.

దామోదరం పంపుల ఫ్యాక్టరీలో టెంపరరీ. టేబుల్ టెన్నిస్ టీములో చోటు దొరికితే పర్మనెంట్ చేస్తామన్నారు. ఆదివారం తిరుత్తణిలో సెలక్షన్. దానికి కొత్త బ్లేడ్ కావాలి. బ్లేడ్ అంటే గడ్డం గీసుకునేది కాదమ్మా, రబ్బరు అంటించకముందు ఉండే ఒట్టి చెక్క బ్యాటు.

సుందరరాజ్ ఒక అట్టపెట్టె తెరిచి, అందులోని కాగితాన్ని మంత్రంలా చదివాడు.

“రాకెట్ టెక్నాలజీ! ఏడు పొరలు, నడుమ కార్బన్! కంట్రోలు పదికి తొమ్మిది పాయింట్ తొమ్మిది! నీళ్ళలో నానినా జిగురు వదల్దు!”

“కంట్రోలు దేంతో కొలిచినారన్నా? పడితోనా, సేరుతోనా?” అంది కోకిల.

“నువ్వు సుమ్మా ఉండు!” అని కసిరాడు సుందరరాజ్.

దామోదరం నవ్వు ఆపుకుని, “మీకు టీటీ వచ్చునా?” అన్నాడు.

“రాదు. చెక్క తెలుసు.” కోకిల ఆ బ్లేడును చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో తట్టింది. “ఒక్కో తావున ఒక్కో సద్దు చేస్తాంది. లోపల జిగురు పట్టలేదు. ఈ అయిదు పొరలది చూడండి. పెట్టె లేదు, కాగితం లేదు, యాడ తట్టినా ఒకటే సద్దు.”

“ఫారిన్ కాగితం కంటే మీ వేలు గొప్పదా?”

“మీరు ఆడేది కాగితంతోనా, చెక్కతోనా?”

పదిమంది ముందు ఆడపిల్ల అలా అనేసరికి దామోదరానికి పౌరుషం వచ్చింది. రాకెట్టే కొన్నాడు. వెళుతూ మూడుసార్లు వెనక్కి చూశాడు. కోకిలేమో రెండుసార్లే చూసింది.

శుక్రవారం ఆడికృత్తిక, తిరుత్తణి కొండమీది మురుగన్ స్వామి పండగ. మావాళ్ళు సైకిలు కొన్నా, కుట్టుమిషను కొన్నా తిరుత్తణి మురుగన్‌కు చూపించకుండా వాడరు. నేనూ కోకిలా వానలో కొండ మీదికి చేరేసరికి దామోదరం మంటపం పక్కన మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. చేతిలో రాకెట్, అరటిపువ్వులా విచ్చుకుని.

“అయ్యో, ఏమైందండీ?”

“స్వామికి మొక్కుకున్న పాలకుండలో పెట్టి ఎత్తుకొచ్చినా. ఈ గుంపులో మెట్లెక్కేదానికి మూడు గంటలు పట్టింది.”

“చెక్కనా? పాలల్లోనా?”

“నీళ్ళలో నానినా వదలదని రాసినారు కదా!”

“నీళ్ళని రాసినారు. పాలని రాయలేదే!”

పకపకా నవ్వుతూ కోకిల పొరలు విడదీసింది. నడుమ కార్బన్ అన్నచోట నల్లరంగు పూసిన అట్టముక్క! ఇంకా నవ్వబోయి అతని కళ్ళు చూసి ఆగిపోయింది.

“ఎల్లుండే సెలక్షన్. నా ఉద్యోగం పోయినట్టే,” అన్నాడు.

“లేవండి. ఇప్పుడే బస్సెక్కితే అంగడి తెరిచే ఉంటాది. ఈపొద్దే రబ్బరు అంటిస్తే ఆదివారానికి ఆరిపోతాది.”

గొడుగు సరిగ్గా ఇద్దరికి సరిపోయింది. నేను తడిసిన సంగతి ఎవరూ గమనించలేదు.

అంగట్లో అయిదు పొరల చెక్క అతని చేతికిచ్చి, “కళ్ళు మూసుకుని బంతి తట్టండి. యాడ తగిలిందో చేతికి తెలుస్తాందా?” అంది.

“తెలుస్తాంది.”

“పిడి ఒత్తుకుంటాందా?”

“లేదు.”

“ఇంక కళ్ళు తెరవండి.”

తెరిచాడు గానీ చెక్క వైపు చూడలేదు. సుందరరాజ్ దగ్గాడు.

తరువాతి వారం దామోదరం తల్లి సరసమ్మను వెంటబెట్టుకుని, పిల్లనడగడానికి మా తమ్ముడింటికి వచ్చాడు. వచ్చే ముందు ఆమె ఏమేమి నేర్పించి తెచ్చిందో గానీ, ఏకాంబరం “టీములో చోటు దొరికినాదా?” అనగానే అబ్బాయి అంతా కక్కేశాడు.

“దొరికినాదయ్యా. తీసుకున్నది నలుగుర్ని, నేను నాలుగోవాణ్ణి. పర్మనెంట్ ఆర్డరు ఇంకా చేతికి రాలేదు. నాకు కోపం తొందరగా వస్తాది. అచ్చేసిన కాగితం ఏదైనా నమ్మేస్తా.”

సరసమ్మ కొడుకు తొడ గిల్లింది. ఏకాంబరం మొహం ముడిచాడు.

“ఆర్డరు లేదా? వచ్చినంక చూస్తాంలేప్పా.”

కాఫీ గ్లాసులతో గడప దాటుతున్న కోకిల అక్కడే నిలబడిపోయింది.

“వస్తాది నాయినా! రాకుంటే వచ్చేదాకా నేను ఆగుతా!”

అనేశాక గాని తెలియలేదు, ఏమన్నదో. నేను లేచి ఆమె చేతిలోని కాఫీ పళ్ళెం అందుకున్నాను. దామోదరం నేల చూపులు చూస్తూ నవ్వుతున్నాడు.

ఏకాంబరం కూతుర్ని చూశాడు, అబ్బాయిని చూశాడు, చివరికి నావైపు తిరిగాడు.

“ఇంక నన్నడిగేది ఏముందక్కా? పంచాంగం తియ్యి.”